దారి మధ్య బల్ల

ఎక్కువసేపు కూర్చోవడం ఆరోగ్యానికి చెడ్డదని చెప్పి, మా పార్కులో ఉన్న ఒకే ఒక్క బల్లను తీసేశారు. మధ్యలో కూర్చునే చోటు లేక నా భార్య నడక మానేసింది. ఇప్పుడు పొద్దస్తమానం ఇంట్లో కూర్చునే ఉంటుంది.

జరిగింది ఇంతే. ఒక బల్ల కోసం ఇంత రాద్ధాంతమా అని నన్ను అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఈ బెంగాలీ మహానగరంలో, ఓడరేవు పక్క ఖిదిర్‌పూర్‌లో బస్సు దిగి వాట్‌గంజ్ వైపు వస్తే గోదాముల గోడ వెంబడి ఉన్నవి మా ఇళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఓడల్లో బస్తాలు మోసినవాళ్ళం. మా ఇళ్ళ వెనక ఒక పొడుగాటి జాగా ఉంది. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఒక చివర మా వైపు గేటు, రెండో చివర బజారు వైపు గేటు. దాన్ని పార్కు అనడం ఈమధ్య మొదలైంది కానీ, మాకు అది బజారుకి పోయే దారి. ఆ దారికి సరిగ్గా మధ్యలో ఉండేది ఆ బల్ల.

దాన్ని ఏ కార్పొరేషనూ వేయలేదు. మా ముఠావాళ్ళే వేసుకున్నారు. ఓడ అడుగున సరుకు తడవకుండా మందపాటి చెక్క పలకలు పరిచేవారు. సరుకు దిగాక అవి పనికిరాక రేవులో పడి ఉండేవి. అలాంటి పలక ఒకటి నలుగురు మోసుకొచ్చి, రెండు ఇటుక దిమ్మెల మీద పెట్టారు. ఏ దేశపు చెట్టో తెలియదు. ఎండకి ఎండి వానకి తడిసి, జనం కూర్చుని కూర్చుని, అరిచేతిలా నున్నబడింది. ఒక చివర ఇనప మేకు దిగిన పెద్ద బొర్రె ఉండేది. పిల్లలు అందులో వేపకాయలు దూర్చేవారు.

మధ్యలోనే ఎందుకు పెట్టారంటే, మా పనే మాకు ఆ సంగతి నేర్పింది. ఓడ నుంచి గోదాముకి బస్తా మోసేవాడికి సగం దారిలో భుజం ఎత్తున ఒక దిమ్మ ఉండేది. వంగకుండా, ఎవరినీ సాయం అడగకుండా, బస్తాను దాని మీదికి జార్చి నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ దిమ్మ ఉంటే ఆడుతూ పాడుతూ మోసేవాళ్ళం. దిమ్మకి ఏ మరమ్మతో చేస్తున్న రోజున, అదే దారి, అదే బస్తా, మగాళ్ళు కూలబడిపోయేవారు. దూరం మనిషిని చంపదు. మధ్యలో దించుకునే చోటు లేకపోవడం చంపుతుంది. నేను బడికి వెళ్ళి చదువుకున్నది ఏమీ లేదు. గోదాముల్లో చిరిగిన తెలుగు పత్రికలు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను, బస్సుల మీది బోర్డులు చూసి బెంగాలీ నేర్చుకున్నాను, తర్వాత ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని ఆరోగ్యం గురించీ, ఆహారం గురించీ దొరికినవన్నీ చదివాను. వాటిలో సగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ దిమ్మ సంగతి మాత్రం పుస్తకం చూసి నేర్చుకోలేదు.

నా భార్యకి మోకాళ్ళు అరిగాయి. దానికి తోడు ఒంట్లో షుగరు. మా వీధి చివర కూర్చునే బెంగాలీ డాక్టరు ముసలాయన, ఊరికే మందుచీటీ రాసి పంపేవాడు కాదు, మాట్లాడేవాడు. ఆయన ఆమెకి చెప్పింది ఒకటే. నడవండి, అలసట వచ్చే ముందే కూర్చోండి, మళ్ళీ నడవండి. "మాసీమా, హాట్‌బేన్, బోష్‌బేన్, ఆబార్ హాట్‌బేన్" అని చేత్తో తన మేజా మీద తాళం వేసి మరీ చెప్పాడు. నడక, కూర్చోవడం, మళ్ళీ నడక. కూర్చోవడం కూడా మందులో భాగమే అన్నాడు. ఇంటికొచ్చి ఆమె ఆ మాటను పాటలా అనుకునేది.

అలా ఏళ్ళ తరబడి నడిచింది. పొద్దున్నే ఇంత అంబలి తాగి, మెట్లు ఒక్కొక్కటీ పక్కకి తిరిగి దిగి, మా గేటు నుంచి బల్ల దాకా నడిచేది. అక్కడ కూర్చుని మోకాళ్ళు చేత్తో రాసుకునేది. ఎండ కాస్త వీపుకి తగిలాక లేచి బజారు గేటు దాకా వెళ్ళేది. అక్కడ చేపలమ్మే ఆవిడతో సగం తెలుగు, సగం బెంగాలీలో పోట్లాడి, గుప్పెడు రొయ్యపొట్టు కొనుక్కుని తిరిగి బల్ల దగ్గర ఆగి, ఇంటికొచ్చేది. ఆ పోట్లాట కోసమే నడుస్తోందని నేను ఏడిపించేవాణ్ణి. ఏదో ఒకదాని కోసం నడవాలి కదా అనేది. ఆమె షుగరు అదుపులో ఉన్నది, రాత్రిళ్ళు కాళ్ళు తిమ్మిరెక్కకుండా నిద్రపట్టింది, ఆ నడకవల్లే.

అప్పుడు మా తెలుగువాళ్ళ సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. చెడ్డవాడని నేను అనను. పండగలకి పులిహోర పంచడంతో సరిపెట్టుకుంటున్న సంఘాన్ని కదిలించాడు. పెద్దవాళ్ళ ఆరోగ్యం అన్నాడు. మా జాగాలో వ్యాయామ యంత్రాలు పెట్టిస్తానన్నాడు. కార్పొరేషన్ వాళ్ళ దగ్గర అనుమతి కూడా తెచ్చాడు. ఒక ఆదివారం పెద్దవాళ్ళందరినీ పిలిచి మీటింగు పెట్టాడు.

ఆ మీటింగులో ఆయన చెప్పినవాటిలో తప్పు మాటలు తక్కువే. నీళ్ళు దాహం వేయక ముందే తాగాలి. ఉప్పు తగ్గించాలి. రాత్రి తొందరగా తినాలి. స్నానాల గదిలో పట్టుకోడానికి ఒక కడ్డీ పెట్టించుకోవాలి. ఇవన్నీ మంచివే, నేనూ తల ఊపాను. తర్వాత, కూర్చోవడమే ఈ కాలపు పెద్ద జబ్బు అన్నాడు. పార్కులో అడుగు పెట్టినవాళ్ళు కదులుతూనే ఉండాలి, అందుకని ఆ పాత పలక తీసేసి ఆ చోట సైకిలు యంత్రం పెడుతున్నామన్నాడు. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి. కూర్చోవడం ఆయనకి జబ్బే కావచ్చు. ఆయన మందు మాకు పోశాడు.

నేను లేచాను. యంత్రాలు ఎక్కడైనా పెట్టుకోండి, బల్లను మాత్రం కదపకండి, అది లేకపోతే మా ఆవిడ బజారు గేటు దాకా వెళ్ళలేదు అన్నాను. ఆయన చాలా మర్యాదగా ఆమె వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, మీకు నడవడానికి ఏమైనా ఇబ్బందిగా ఉందా? మొహమాటపడకుండా చెప్పండి."

నా భార్య చీర కొంగు భుజం మీదికి లాక్కుని, నిటారుగా కూర్చుని, నవ్వుతూ చెప్పింది.

"నాకేటి బాబూ. బాగానే ఉన్నాను."

తర్వాత ఆయన అందరినీ అడిగాడు. తుంటి విరిగి కర్ర పట్టుకుని వచ్చిన ముసలాయన బాగానే ఉన్నానన్నాడు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసపడే ఆవిడ బాగానే ఉన్నానంది. వరసలో ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరూ బాగానే ఉన్నారు. హాలంతటికీ నేనొక్కణ్ణే రోగిష్టి మాట మాట్లాడినవాణ్ణి అయ్యాను.

ఆ జవాబు ఎక్కడిదో కార్యదర్శికి తెలియదు. నాకు తెలుసు. మేం పనిచేసిన కంట్రాక్టరు ఏడాదికోసారి డాక్టరును పిలిపించి మమ్మల్ని వరసలో నిలబెట్టేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని, నడుం ఎలా ఉంది, మోకాళ్ళు ఎలా ఉన్నాయని మెత్తగా అడిగేవాడు. నొప్పి ఉందన్నవాడికి మందు ఇచ్చేవారు కాదు. పనిలోంచి తీసేసేవారు. అందుకని ముందురోజు ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉప్పు వేయించి మూటకట్టి మా నడుములకి కాపడం పెడుతూ, ఎలా నిలబడాలో, ఏం చెప్పాలో నేర్పేవారు. నాకు నేర్పింది నా భార్యే. ఎముక విరిగినా సరే, ఇస్త్రీ చొక్కా అడిగితే బాగానే ఉన్నానని చెప్పాలి. అది అబద్ధం కాదు మాకు, అన్నం. మా తరంలో ఆ మాట ఒంట్లోకి ఇంకిపోయింది. ఆ కంట్రాక్టరు పోయాడు, ఆ పనే పోయింది, పెద్ద పెద్ద క్రేన్లు వచ్చాయి. అయినా మా వాళ్ళు ఇప్పటికీ ఆ వరసలోనే నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చాక నేను కసిరాను. ఆమె నాకంటే కోపంగా ఉంది.

"పదిమంది ముందర నా మోకాల్ల ఊసు ఎత్తుతావేటయ్యా? నాను ఆలకి మూలపడిపోయినదానిలాగ అగుపడాలేటి?"

"బల్ల తీసేస్తారు. ఏం చేస్తావు?"

"తీయరు. మనోల్లు ఏసిన బల్ల, ఎవులు తీస్తారు?"

తీశారు. ఆ వారంలోనే ఇటుక దిమ్మెలు పగలగొట్టి, నున్నగా సిమెంటు చేసి, నీలం రంగు సైకిలు యంత్రం పాతారు. గేటు దగ్గర ఆరోగ్య సూత్రాల బోర్డు ఒకటి నిలబెట్టారు. తెలుగులోనూ, బెంగాలీలోనూ. 'రోజూ నడవండి' అని మొదటి మాట. 'ఎక్కువసేపు కూర్చోకండి' అని చివరి మాట. మా పిల్లల పిల్లలకి తెలుగు చదవడం రాదు, బెంగాలీ వైపు చూసి పోతారు. తెలుగు చదివేది నాలాంటివాళ్ళం నలుగురం. దగ్గరికి వెళ్ళి చదువుతుంటే బోర్డు కాళ్ళు కనబడ్డాయి. కోసి, రంగు వేశారు గానీ, ఒక కాలికి మేకు బొర్రె అలాగే ఉంది. మా పలకే.

బల్ల లేని దారిని ఆమె ఒకసారి ప్రయత్నించింది. నేను పక్కనే ఉన్నాను. సగం దారికి వచ్చాక అలవాటుగా కుడివైపు తిరిగింది. అక్కడ సైకిలు ఉంది. పట్టుకుని నిలబడింది. ఒళ్ళంతా చెమట. చివరికి ఆ సైకిలు సీటు మీదే ఎలాగో పక్కకి ఒరిగి కూర్చుంది. యంత్రాలు చూసుకోవడానికి పెట్టిన బెంగాలీ కుర్రవాడు, పాపం వాడికి ఇచ్చిన ఉద్యోగం అది, వచ్చి "మాసీమా, తొక్కితేనే కూర్చోవాలి, ఊరికే కూర్చోకూడదు" అని తన భాషలో చెప్పాడు. ఆమె సారీ చెప్పి దిగిపోయింది. మా వాళ్ళు సారీ చెప్పడంలో ఎప్పుడూ వెనకబడలేదు.

మర్నాటి నుంచి నేను ఇంట్లోంచి మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని ఆమె వెనకాల నడవడం మొదలుపెట్టాను. నా వయసుకి ఆ కుర్చీ కూడా బరువే. అయినా మోశాను, మోసినవాణ్ణే కదా. నాలుగు రోజులు సాగిందో లేదో, బజారువాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. మహారాణి ముందు, సింహాసనం వెనక అన్నారు. చేపలావిడ కూడా ఏదో అంది, ప్రేమగానే అంది. ఆమెకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కుర్చీని మంచం కిందికి తోసేసింది. ఇక నడవనంది.

ఆ రోజు ఆమె అన్న మాట నా చెవిలోంచి పోదు. మాలో శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు సగం దారిలో పాడె కిందికి దించుతారు. చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలుస్తారు, ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తారని. ఎక్కడున్నా ఆ ఆచారం తప్పం, ఈ ఊళ్ళో లారీ మీద తీసుకెళ్ళినా మధ్యలో ఆపి దించుతాం.

"సచ్చినోల్లనైనా దారిలో ఓపాలి కిందకి దించుతారు గదా" అంది. "మరి నానేటి సేసినాను?"

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు.

తర్వాత సంగతులు చెప్పడానికి ఏమీ లేవు. మెట్లు దిగడం మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పు పట్టదు. షుగరు పెరిగింది, మాత్ర ఒకటి పోయి సూది వచ్చింది. అంబలి ఇష్టం పోయింది, ఎక్కడికి పోవాలని ఇప్పుడీ అంబలి అంటుంది. టికియాపారాలో రైల్వే క్వార్టర్సులో ఉండే మా అమ్మాయి వారానికోసారి వచ్చి, ఇంట్లోనే అటూ ఇటూ నడవమ్మా అని పోరుతుంది. వరండా మొదలెక్కడ, చివరెక్కడ? గోడ చూసి తిరిగొచ్చే నడక నడక కాదు. చేపలావిడ రెండుమూడుసార్లు ఎవరితోనో కబురంపింది, మాసీ బాగుందా అని. బాగానే ఉందని చెప్పమంది నా భార్య.

నేను కార్యదర్శి చుట్టూ తిరిగాను. ఒకసారా రెండుసార్లా. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. టీ ఇప్పించేవాడు. బాబాయిగారూ అంటూ కుర్చీ లాగి వేసేవాడు. ఆ కుర్చీలో కూర్చుని, కూర్చునే చోటు కావాలని అడిగేవాణ్ణి. డాక్టరు చెప్పింది చెప్పాను. ఓడ దగ్గర దిమ్మ గురించి చెప్పాను. ఆసక్తిగా విని, మీ అనుభవాలు మన సావనీరుకి రాసివ్వండి అన్నాడు. కంట్రాక్టరు డాక్టరు గురించి, మా వాళ్ళ బాగానే ఉన్నాననే జవాబు గురించి కూడా చెప్పాను. అప్పుడు మాత్రం కాస్త నొచ్చుకున్నాడు. నేను ఆ డాక్టరు లాంటివాణ్ణా బాబాయిగారూ, పిన్నిగారిని నేను ప్రేమగానే అడిగాను కదా, ఆవిడే ఇబ్బంది లేదన్నారు, పదిమందీ విన్నారు అన్నాడు. నిజమే. ప్రేమగానే అడిగాడు. ఆ డాక్టరు కూడా ప్రేమగానే అడిగేవాడు.

ఇంటికొచ్చి ఆమెను బతిమాలాను. ఒక్కసారి వచ్చి నీ నోటితో చెప్పు, కాళ్ళు లాగుతున్నాయని చెప్పు, చాలు. చివరికి, ఆయనే మన ఇంటికొచ్చి అడిగితే చెబుతానంది. నేను వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను. వచ్చాడు, పళ్ళు కూడా పట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా కూర్చుని, ఎలా ఉన్నారు పిన్నిగారూ అన్నాడు. పొంగిన పాదాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

"బాగానే ఉన్నాను బాబూ. టీ తాగుతావేటి?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది. ఆమె మీద కాదు, నా మీద.

పోయిన చలికాలంలో మా వైపు పార్కు గేటు దగ్గర నల్ల గ్రానైటు బెంచీ ఒకటి వెలిసింది. వీపు ఆనించుకునే వీలుతో, పాలిష్ మెరుస్తూ. సంఘం సభ్యుల్లో ఒక పెద్ద ఆఫీసరు తండ్రి పోతే, ఆయన పేరు చెక్కించి వేయించారు. పూలదండ వేసి ఫోటోలు తీసుకున్నారు. గేటు దగ్గర కూర్చునే అవసరం ఎవరికీ లేదు, అక్కడికి ఇంకా నడక మొదలే కాలేదు. పైగా దాని మీద కూర్చోడానికి మా వాళ్ళకి భయం, పోయినాయన పేరు మీద కూర్చోవడం ఏమిటని. కాకులు కూర్చుంటాయి.

దాన్ని చూశాక నాకు తిక్క రేగిపోయింది. నేరుగా సంఘం ఆఫీసుకి వెళ్ళాను. కూర్చోవడం జబ్బన్నారు, బల్ల పీకేశారు, ఇప్పుడు ఈ బెంచీ ఎలా వచ్చింది అని అడిగాను. గొంతు పెద్దదే చేశాను. దాన్నే ఎత్తి దారి మధ్యలో వేయండి, లేదా ఇంకొకటి వేయండి, చెక్కదైనా సరే, రాయైనా సరే, వీపు ఆనించడానికి కూడా అక్కర్లేదు అన్నాను. కార్యదర్శి లేచి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, పక్క గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. కమిటీలో మాట్లాడి చెబుతాను, కాస్త టైమివ్వండి అన్నాడు.

మాట తప్పలేదు. కమిటీలో మాట్లాడాడు. నిన్న సాయంత్రం మా ఇంటికే వచ్చాడు. లోపల కిటికీ దగ్గర ఆమె ఉంది. ఆమెకి వినబడకూడదని కాబోలు, గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి, నిజంగానే నాకు మేలు చేస్తున్నవాడిలా చెప్పాడు.

"బాబాయిగారూ, అది కూర్చోవడానికి వేసింది కాదండీ, జ్ఞాపకార్థం వేసింది. ఊరికే బెంచీ అంటే కమిటీ ఒప్పుకోదు. జ్ఞాపకార్థం అయితే ఎవరూ కాదనరు. మీ ఇంట్లో ఎప్పుడైనా అలాంటి సందర్భం వస్తే నాకు ఒక్క మాట చెప్పండి. మీరు అడిగిన చోటే, దారి మధ్యలోనే, నేను దగ్గరుండి వేయిస్తాను."